వార్ధక్యానికి గీసిన గీతలు: కొన్ని సూచికల చరిత్ర

1941 చివర్లో నేథన్ షాక్ కాలిఫోర్నియా వదిలి బాల్టిమోర్ చేరారు. అప్పటికి ఆయనకు 35 ఏళ్ళు. బర్క్‌లీలో దాదాపు పదేళ్ళపాటు ఎదిగే పిల్లల శరీరాల్లో వచ్చే మార్పులను కొలిచిన మనిషి ఆయన. ఇప్పుడు ఆయనకు అప్పగించింది జీవితపు రెండో కొస. అమెరికా ప్రభుత్వ ఆరోగ్య పరిశోధన సంస్థ 1940లో వృద్ధాప్యం మీద ఒక చిన్న విభాగం తెరిచి, దానికి బాల్టిమోర్ నగర ఆసుపత్రిలో చోటు చూపించింది. ఆ ఆసుపత్రి ఒకప్పుడు బేవ్యూ అనే పేదల ఆశ్రమం. దిక్కూమొక్కూ లేని ముసలివాళ్ళు షాక్ నాటికీ అక్కడే కాలక్షేపం చేస్తుండేవారు. పరిశోధనకు మనుషులు కావాలంటే ఆవరణ దాటి వెళ్ళనక్కర్లేదు. ఈ వెసులుబాటుకు తర్వాత చెల్లించిన మూల్యం గురించి మళ్ళీ మాట్లాడుకోవలసి వస్తుంది.

షాక్ పేరు చెప్పగానే ఆ రంగంవారికి గుర్తొచ్చేది 1958లో మొదలై ఇప్పటికీ సాగుతున్న బాల్టిమోర్ దీర్ఘకాల అధ్యయనం. ఆయన చేసిన మరో పనిని తలచుకునేవాళ్ళు తక్కువ. ప్రయోగశాలతో సంబంధం లేని పని అది: ముసలితనం మీద ఎక్కడ, ఎవరు, ఏం రాసి అచ్చువేశారో ఏరి, వర్గాలుగా పేర్చి, నలుగురికీ అందుబాటులో పెట్టడం. ఇవాళ పరిశోధక విద్యార్థి కంప్యూటరులో రెండు మాటలు టైపు చేసి వేల వ్యాసాల జాబితా తెప్పించుకుంటున్నాడు. అలాంటి డేటాబేసుల పూర్వీకుల్లో షాక్ గ్రంథసూచి ముందు వరసలోది.

ఆ అవసరం ఎందుకు వచ్చిందో చూడాలి. వృద్ధాప్యాన్ని ఒక శాస్త్రంగా చదవాలని పారిస్‌లోని పాశ్చర్ సంస్థలో పనిచేసిన మెచ్నికాఫ్ 1903లో ప్రతిపాదించి, దానికి జెరంటాలజీ అని పేరు పెట్టారు. 1909లో న్యూయార్క్ వైద్యుడు ఇగ్నాట్జ్ నాషర్ ముసలివారి వైద్యానికి జీరియాట్రిక్స్ అని నామకరణం చేశారు. 1922లో మనస్తత్వ శాస్త్రవేత్త స్టాన్లీ హాల్ తన చివరి రోజుల్లో ముసలితనం మీద పెద్ద పుస్తకమే రాశారు. 1939లో కౌడ్రీ అనే జీవశాస్త్రవేత్త రకరకాల రంగాలవారి చేత రాయించి ఒక సంకలనం తెచ్చారు. మనుషులున్నారు, రాతలున్నాయి. కానీ కీళ్ళ అరుగుదల మీద రాసింది వైద్య పత్రికలో, మతిమరుపు మీద రాసింది మనస్తత్వ పత్రికలో, పింఛను మీద రాసింది అర్థశాస్త్ర పత్రికలో ఉండేది. ఒకరి రాత మరొకరి కంట పడేది కాదు. అమెరికాలో వీళ్ళందరికీ కలిపి ఒక సంఘం 1945లోనూ, ఆ సంఘానికి ఒక పత్రిక 1946లోనూ ఏర్పడ్డాయి. అప్పటిదాకా వృద్ధాప్య పరిశోధకుడు ఏ గ్రంథాలయానికి వెళ్ళినా నాలుగైదు విభాగాల అలమరలు వెతుక్కోవలసిందే.

షాక్ గ్రంథసూచిని స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయ ముద్రణాలయం 1951లో ప్రచురించింది. 1900 నుంచి 1948 వరకు అచ్చయిన రచనల వివరాలు సుమారు 18 వేలు అందులో ఉన్నాయి. కణాల స్థాయి జీవశాస్త్రం, ఒక్కొక్క అవయవం, వ్యాధులు, మనస్తత్వం, సామాజిక ఆర్థిక విషయాలు అని విభజించి, వాటి కింద మళ్ళీ ఉపవిభాగాలు చేశారు. 1949-55 కాలానికి మొదటి అనుబంధం 1957లోనూ, 1956-61 కాలానికి రెండోది 1963లోనూ వచ్చాయి. మొదటి సంపుటానికి 49 ఏళ్ళ సాహిత్యం కావలసి వచ్చింది, మొదటి అనుబంధానికి ఏడేళ్ళది, రెండోదానికి ఆరేళ్ళది చాలింది. ఆ రంగం ఎంత వేగంగా పెరిగిందో చెప్పడానికి ఈ అంకెలు చాలు. సంపుటానికీ సంపుటానికీ మధ్య వచ్చే రచనల కోసం ఆ సంఘ పత్రికలో సంచిక సంచికకూ ఒక జాబితా వేసేవారు. దాదాపు మూడు దశాబ్దాలు షాక్ ఆ శీర్షికను నడిపారు. సహాయకులు ఉన్నా, ఏది ఏ వర్గంలోకి వెళ్ళాలో తేల్చేది మాత్రం ఆయన చూపే.

గ్రంథసూచికి బలమూ అదే, బలహీనతా అదే. ఎంపిక ఒక మనిషిది కాబట్టి పొందిక ఉంది. ఆ మనిషి శరీరధర్మ శాస్త్రజ్ఞుడు కాబట్టి, వృద్ధాప్యమంటే ముందు కణం, తర్వాత అవయవం, ఆ తర్వాత మనసు, అన్నిటికీ వెనక కుటుంబమూ సమాజమూ అన్న వరస అందులో స్థిరపడింది. కోడలికీ అత్తకూ మధ్య వంటింటి అధికారం ఏ వయసులో చేతులు మారుతుందో రాసిన మానవశాస్త్ర వ్యాసం ఉన్నా, అది చివరి పుటల్లోనే తేలుతుంది. పైగా అందులో ఉన్నది రచన వివరమే, సారాంశం కాదు. వ్యాసంలో ఏముందో తెలియాలంటే ఆ పత్రిక సంచిక దొరకాలి. దొరికే గ్రంథాలయాలు ఎన్ని?

అంతకు చాలా ముందే మొదలైన మరో ధార దీనికి సమాంతరంగా సాగింది. జాన్ షా బిల్లింగ్స్ అనే సైనిక వైద్యుడు 1879లో వైద్య వ్యాసాలకు ఇండెక్స్ మెడికస్ అనే నెలవారీ సూచిక ప్రారంభించారు. జనాభా లెక్కల పనిలో పంచ్ కార్డుల ఆలోచనను లెక్కల యంత్రం తయారుచేసిన హోలెరిత్‌కు అందించింది కూడా ఆయనే అంటారు. చిత్రమేమిటంటే, ఆయన సూచికే చివరికి యంత్రం మీదికి ఎక్కింది. అమెరికా జాతీయ వైద్య గ్రంథాలయం 1964లో మెడ్‌లార్స్ అనే కంప్యూటరు వ్యవస్థను నడపడం మొదలుపెట్టింది. 1971లో టెలిఫోను తీగల మీద వెతికే వీలున్న మెడ్‌లైన్ వచ్చింది. 1996లో పబ్‌మెడ్ రూపం తీసుకుని, 1997 నుంచి ప్రపంచమంతటికీ ఉచితమైంది. అచ్చు సూచిక 2004తో ఆగిపోయింది. నర్సుల సాహిత్యానికి ఇలాంటి సూచికను 1940లలో లాస్ ఏంజెలెస్‌లో ఎల్లా క్రాండల్ అనే ఆమె చిన్న కార్డుల మీద సొంతంగా మొదలుపెట్టారు. అది 1961లో అచ్చయి, తర్వాత సినాల్ డేటాబేసు అయింది. మంచం పట్టినవారి సంరక్షణ గురించి వెతికేవాళ్ళు ఇవాళ్టికీ ముందు తెరిచేది దాన్నే.

మెడ్‌లైన్‌లో వ్యాసానికి విషయ శీర్షికలు తగిలించే పద్ధతి ఒకటుంది. ఏ వ్యాసమైనా సరే, అందులో అధ్యయనం చేసింది మనుషులనా జంతువులనా, ఆడవాళ్ళనా మగవాళ్ళనా, ఏ వయసువారిని అన్న గుర్తులు తప్పనిసరిగా వేయాలి. ఆ వయసు గుర్తుల్లో 45 నుంచి 64 వరకు నడివయసు. 65 దాటితే వృద్ధులు. 80 దాటినవారికి వేరే గుర్తు. కాగితం మీద ఇది సాదా ఏర్పాటులాగే కనిపిస్తుంది. కానీ భారతదేశంలో జరిగే వృద్ధాప్య అధ్యయనం 60 ఏళ్ళ నుంచి మొదలవుతుంది. 1999 నాటి జాతీయ విధానం, 2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టం, రెండూ 60నే ప్రమాణంగా తీసుకున్నాయి. ఐక్యరాజ్యసమితి 1982లో వియన్నాలో జరిపిన వృద్ధాప్య మహాసభ లెక్క కూడా అదే. మెడ్‌లైన్ కళ్ళకు మాత్రం 62 ఏళ్ళ రాయలసీమ రైతు నడివయసువాడు. అలాంటి అధ్యయనానికి నడివయసు గుర్తూ వృద్ధుల గుర్తూ రెండూ పడతాయి. వృద్ధుల గుర్తును వడపోతగా పెట్టి వెతికేవారి ముందు 60 నుంచి 64 మధ్యవారిని మాత్రమే చూసిన వ్యాసం అసలు తేలదు.

ఈ 65 ఎక్కడిది? జర్మనీలో బిస్మార్క్ తన వయసును బట్టి పెట్టాడని ఒక కథ చాలాకాలంగా చెలామణీలో ఉంది. ఆ కథ నిలబడదు. 1889 నాటి జర్మన్ చట్టం పెట్టిన వయసు 70. దాన్ని 65కు దించింది 1916లో, బిస్మార్క్ పోయిన 18 ఏళ్ళకు. అమెరికా 1935లో సామాజిక భద్రతా చట్టం చేస్తూ 65ను ఎంచుకుంది. అంటే ఇది ఖజానా లెక్కల్లో పుట్టిన అంకె. ఏ డాక్టరూ నాడి చూసి చెప్పింది కాదు. ఇలాంటి గీతలు ఎంత తేలిగ్గా జరుగుతాయో తెలుగువారికి వేరే చెప్పనక్కర్లేదు. 1983లో ఎన్.టి. రామారావు ప్రభుత్వం ఉద్యోగుల పదవీ విరమణ వయసును 58 నుంచి 55కు తగ్గిస్తే, ఆ వివాదం సుప్రీంకోర్టు దాకా వెళ్ళింది. తర్వాత మళ్ళీ 58 అయింది. 2014లో ఆంధ్రప్రదేశ్ దాన్ని 60 చేసింది, 2022లో 62 చేసింది. తెలంగాణ 2021లో 61 చేసింది. ఇన్ని జీవోల మధ్య కదలకుండా ఉన్నది షష్టిపూర్తి ఒక్కటే. ప్రభవ నుంచి అక్షయ దాకా అరవై సంవత్సరాల చక్రం ఒక చుట్టు తిరిగి వస్తే మనిషికి రెండో బతుకు మొదలైనట్టు లెక్క. ఆ గీత ప్రభుత్వాలకంటే పాతది.

వైద్య గ్రంథాలయం వారి 65తో ఇబ్బంది పడినవాళ్ళు అమెరికాలోనూ ఉన్నారు. ముసలివారి ఇల్లు, ఆదాయం, ఉద్యోగం, ఒంటరితనం, ప్రయాణం వంటి విషయాలు వైద్య సూచికల్లో అరకొరగానే దొరికేవి. ఆ లోటు తీర్చడానికి పూనుకున్నది విశ్వవిద్యాలయమూ కాదు, ప్రభుత్వమూ కాదు, రిటైరైనవారి సంఘం. ఎథెల్ పెర్సీ ఆండ్రస్ లాస్ ఏంజెలెస్‌లో ఉన్నత పాఠశాల ప్రిన్సిపాలుగా పనిచేసి రిటైరయ్యారు. ఒక పాత ఉపాధ్యాయురాలిని వెతుక్కుంటూ వెళ్తే ఆమె కోళ్ళగూడులో కాపురముంటూ కనిపించిందన్న సంఘటన ఆండ్రస్ జీవితకథలో తప్పకుండా వస్తుంది. 1947లో ఆమె విశ్రాంత ఉపాధ్యాయుల సంఘం పెట్టారు. వృద్ధులకు ప్రభుత్వమిచ్చే మెడికేర్ బీమా ఇంకా పుట్టని రోజులవి, ముసలివారికి ఆరోగ్య బీమా ఇవ్వడానికి కంపెనీలు ముందుకొచ్చేవి కావు. ఆ బీమా ఇప్పించడమే సంఘం మొదటి పెద్ద పని. 1958లో దాన్ని రిటైరైనవారందరికీ విస్తరించగా ఏఏఆర్‌పీ అయింది. ఆమె పేరు మీద దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో వృద్ధాప్య శాస్త్ర కేంద్రం కూడా ఉంది.

ఏఏఆర్‌పీ గ్రంథాలయంవారు నిర్మించిన డేటాబేసు ఏజ్‌లైన్. 1978 నుంచి వచ్చిన రచనలను ఇది క్రమంగా నమోదు చేస్తుంది, 1966-77 మధ్యవి ఎంపికగా ఉన్నాయి. షాక్ సూచికకు లేని సారాంశం దీనికి ఉంది. పత్రికా వ్యాసాలతో ఆగకుండా పుస్తకాలు, పుస్తకాల్లో అధ్యాయాలు, ప్రభుత్వ నివేదికలు, స్వచ్ఛంద సంస్థల లఘు పత్రాలు కూడా అందులో చేరాయి. ఆ చివరి రకం సాహిత్యమే ఎక్కువ విలువైందని నా అభిప్రాయం. ఒక జిల్లాలో ముసలివాళ్ళకు భోజనం పంపే పథకం ఎలా నడిచిందో, ఎందుకు ఆగిపోయిందో పేరున్న పత్రికల్లో రాదు. అది నివేదికలోనే ఉంటుంది, ఆ నివేదికను ఎవరో ఒకరు నమోదు చేయకపోతే పదేళ్ళలో మాయమవుతుంది. ఏజ్‌లైన్ గీసిన గీత కూడా వేరు: 50 ఏళ్ళు. ఏఏఆర్‌పీ సభ్యత్వానికి చాలాకాలం అర్హత వయసు అదే. వృద్ధులంటే ఎవరన్నది ఇక్కడ సభ్యత్వ పట్టిక తేల్చింది. అయినా దీనివల్ల ఒక మేలు జరిగింది: ముసలి తల్లిదండ్రులను చూసుకునే యాభై ఏళ్ళ కూతుళ్ళూ కోడళ్ళూ ఈ సాహిత్యంలోకి వచ్చారు.

1980లలో ఏజ్‌లైన్‌ను డబ్బు తీసుకునే ఆన్‌లైన్ సేవల ద్వారా వెతకవలసి వచ్చేది. వాటిలో తీగ మీద ఉన్న నిమిషాలకు రుసుము పడేది. అందుకని లైబ్రేరియన్ ముందే పాఠకుణ్ణి కూర్చోబెట్టి, ప్రశ్నను కాగితం మీద తీర్చిదిద్ది, ఆ తర్వాతే కనెక్షన్ కలిపేవారు. తర్వాత సీడీలు వచ్చాయి. ఇంటర్నెట్ రోజుల్లో ఏఏఆర్‌పీ కొన్నేళ్ళు తన వెబ్‌సైటులో దాన్ని ఉచితంగా పెట్టింది. అలబామాకు చెందిన ఎబ్‌స్కో అనే వ్యాపార సంస్థ చేతికి 2010 నాటికి ఏజ్‌లైన్ వెళ్ళింది. అప్పటినుంచి చందా కట్టిన విశ్వవిద్యాలయాలకే ప్రవేశం. సినాల్ కూడా అంతకుముందే ఆ సంస్థ గూటికి చేరింది. నిర్వహణ భారం ఎత్తుకునే నాథుడు లేకపోతే డేటాబేసు బతకదన్నది నిజమే. అయితే రిటైరైనవారి చందాలతో పెరిగిన సూచికను ఇంట్లో కూర్చున్న రిటైరైన మనిషి ఇప్పుడు తెరవలేడు. ఆ వైరుధ్యాన్ని కప్పిపెట్టడం కష్టం.

బ్రిటన్ దారి కొంచెం వేరు. నఫీల్డ్ ఫౌండేషన్ కోసం సీబోమ్ రౌంట్రీ అధ్యక్షతన జరిగిన వృద్ధుల సర్వే నివేదిక 1947లో వచ్చింది. అదే ఏడు పుట్టిన సంస్థ తర్వాత సెంటర్ ఫర్ పాలసీ ఆన్ ఏజింగ్‌గా పేరు మార్చుకుంది. దాని లండన్ గ్రంథాలయంలోకి వచ్చిన పుస్తకాల, వ్యాసాల చిట్టాయే ఏజ్‌ఇన్ఫో డేటాబేసు. అమెరికా సూచికల్లో కనిపించని బ్రిటిష్ స్థానిక సంస్థల వ్యవహారం అందులో దొరుకుతుంది. బెర్లిన్‌లోని జర్మన్ వృద్ధాప్య కేంద్రం జెరోలిట్ పేరుతో తమ భాష రచనలకు అదే పని చేసింది.

ఇప్పుడు బేవ్యూ ఆశ్రమం దగ్గరికి తిరిగి వెళ్ళాలి. సూచిక ఎంత సమగ్రమైనా, అందులో చేరేది జరిగిన పరిశోధనే. తొలి తరం పరిశోధన చాలావరకు ఆసుపత్రుల్లోనూ అనాథ నిలయాల్లోనూ ఉన్న ముసలివారి మీద జరిగింది. వాళ్ళలో కనిపించిన క్షీణతలో జబ్బు వాటా ఎంత, పేదరికం వాటా ఎంత, వయసు వాటా ఎంత అని విడదీయడం కుదరలేదు. ఆ రచనలన్నీ గ్రంథసూచిలో వృద్ధాప్యం కిందే చేరాయి. ఈ చిక్కు షాక్‌కు తెలుసు. విశ్రాంత వైద్యాధికారి డబ్ల్యూ.డబ్ల్యూ. పీటర్ ప్రోద్బలంతో 1958లో ఊళ్ళో ఆరోగ్యంగా తిరుగుతున్న స్వచ్ఛందంగా ముందుకొచ్చినవారి మీద అధ్యయనం మొదలుపెట్టడానికి కారణం అదే. కానీ ఆ వచ్చినవాళ్ళు చదువుకున్న, నిలకడైన ఆదాయమున్న తెల్లజాతి మగవాళ్ళు. ఆడవాళ్ళను చేర్చుకున్నది 1978లో. ఇరవై ఏళ్ళ పాటు ఆ అధ్యయనం నుంచి వచ్చిన వ్యాసాలు మగవారి ముసలితనాన్ని మనిషి ముసలితనంగా చెప్పాయి. ఎక్కువ కాలం బతికేది ఆడవాళ్ళే అయినా.

భారతదేశంలో ఈ శాస్త్రానికి తొలి సంఘం 1968లో జైపూర్ కేంద్రంగా ఏర్పడింది, దాని పత్రిక మరుసటి ఏడు మొదలైంది. తెలుగునేల మీద ఈ రంగానికి పునాది వేసింది తిరుపతి. శ్రీ వేంకటేశ్వర విశ్వవిద్యాలయ మనస్తత్వశాస్త్ర శాఖలో పి.వి. రామమూర్తి, ఆయన తర్వాత డి. జమున వృద్ధాప్య పరిశోధనను ఒక సంప్రదాయంగా నిలబెట్టారు. వాళ్ళిద్దరి సంపాదకత్వంలో 2004లో భారతీయ వృద్ధాప్య శాస్త్రం మీద ఒక కరదీపిక వచ్చింది. ఇంతటి పనిలో పెద్ద భాగం పిహెచ్.డి. సిద్ధాంత గ్రంథాలుగా ఉండిపోయింది. వైద్య సూచికలు సిద్ధాంత గ్రంథాలను తీసుకోవు. విశ్వవిద్యాలయాలు వాటిని ఎలక్ట్రానిక్ రూపంలో ఇవ్వాలని యూజీసీ 2009లో నిబంధన పెట్టాక, వాటిని దాచే వెబ్ భాండాగారం శోధ్‌గంగ వెలుగులోకి వచ్చాకే బయటివారికి కొంత దారి ఏర్పడింది. అక్కడ శీర్షికల్లో ఏకరూపత తక్కువ. ఏజ్‌లైన్‌కు అలవాటుపడినవారు విసుక్కుంటారు. విసుక్కోకుండా నాలుగు రకాల మాటలతో వెతికితే మాత్రం చిత్తూరు, అనంతపురం పల్లెల్లో ముసలివాళ్ళు ఎలా బతికారో చెప్పే గ్రంథాలు తగులుతాయి. 2024 నవంబరులో కేంద్ర మంత్రివర్గం ఒప్పుకున్న ఒకే దేశం ఒకే చందా పథకం ప్రభుత్వ విద్యాసంస్థలకు సుమారు 13 వేల పత్రికలను అందుబాటులోకి తెచ్చింది. వ్యాసం చదవడం సులువైంది. కావలసిన వ్యాసం ఏదో పసిగట్టడం వేరే విద్య.

తెలుగులో అచ్చయినదాని సంగతి ఇంకా వెనకబడి ఉంది. ప్రెస్ అకాడమీ పాత పత్రికలను స్కాన్ చేసి పెట్టింది, అది పెద్ద ఉపకారమే. అవి బొమ్మలుగా ఉన్న పుటలు కాబట్టి వృద్ధాశ్రమాల మీద 1930లలో ఎవరైనా సంపాదకీయం రాశారా అని తెలుసుకోవాలంటే సంచికలు వరసగా తిరగేయాలి. షాక్ చేసిన పని ఈ భాషలో ఇంకా ఎవరూ తలకెత్తుకోలేదు.

రచనల సూచికలు ఒకవైపు సాగుతుండగా, 1970ల చివర మిషిగన్ విశ్వవిద్యాలయంలో మరో రకం భాండాగారం మొదలైంది. అది దాచేది వ్యాసాలను కాదు, సర్వేల్లో మనుషులిచ్చిన సమాధానాలను. 1992లో అక్కడే మొదలైన ఆరోగ్య-పదవీ విరమణ అధ్యయనం నమూనాగా ఇంగ్లండు, యూరప్ దేశాలు తమ తమ సర్వేలు చేసుకున్నాయి. భారతదేశంలో లాసీ అనే దీర్ఘకాల వృద్ధాప్య అధ్యయనం ఆ కుటుంబంలోదే. 2010లో దాని నమూనా సర్వే కర్ణాటక, కేరళ, పంజాబ్, రాజస్థాన్‌లలో జరిగింది. 2011లో ఐక్యరాజ్యసమితి జనాభా నిధి ఏడు రాష్ట్రాల్లో చేయించిన వృద్ధుల సర్వేలోనూ ఆంధ్రప్రదేశ్ లేదు. తెలుగు వృద్ధులు ఇలాంటి జాతీయ దత్తాంశంలోకి పూర్తిగా అడుగుపెట్టింది 2017-18లో, ముంబయిలోని అంతర్జాతీయ జనాభా శాస్త్రాల సంస్థ నడిపిన లాసీ మొదటి విడతతో. 45 ఏళ్ళు దాటిన 72 వేల మందికి పైగా పాల్గొన్న ఆ విడత నివేదిక 2021 జనవరిలో విడుదలైంది.

వయసు గీతల చిక్కు ఇక్కడ మరో రూపం తీసుకుంటుంది. వ్యాసాల సూచికలో గీత ముందే గీసి ఉంటుంది, పాఠకుడు దాన్ని మార్చలేడు. ఈ భాండాగారంలో ఒక్కొక్కరి వయసూ ఒక అంకెగా ఉంటుంది. 60 దగ్గర కోయాలా, 65 దగ్గరా, 50 దగ్గరా అన్నది వాడుకునేవారి ఇష్టం. అసలు గీతే వద్దనుకుని ఏడాదికేడాదిగా నడక వేగం ఎలా తగ్గిందో, చేతి పట్టు ఎలా సడలిందో చూడవచ్చు. మెడ్‌లైన్‌లో 2022 నుంచి గుర్తులు వేసేది మనుషులు కాదు, కంప్యూటరు ప్రోగ్రాము. అది కూడా పాత 65నే పట్టుకుని నడుస్తోంది. కాబట్టి దత్తాంశంవైపు మొగ్గే పరిశోధకులకు అదనపు స్వేచ్ఛ దొరికినట్టే. అయితే ఆ వయసు అంకెలను సమాధానాలిచ్చిన మనుషులే చెప్పారన్నది మరిచిపోకూడదు. పుట్టిన తేదీ రాసి పెట్టుకోని తరం, ఫలానా ఉప్పెన నాటికి నాకు పెళ్ళయిందని లెక్క చెప్పే తరం, వయసు అడిగితే సున్నాతోనో అయిదుతోనో ముగిసే సంఖ్య చెబుతుంది. భారత జనాభా లెక్కల్లో వయసు వారీగా పట్టిక వేస్తే 60 దగ్గర, 65 దగ్గర, 70 దగ్గర జనం గుంపులుగా పోగుపడి ఉంటారు, 61 దగ్గరా 69 దగ్గరా పలచబడతారు.